పద్నాలుగో నంబరు సీసా

దేవికకు లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే, తన చేత్తో కలిపి తాగించిన పాలే తన బిడ్డ ప్రాణం తీస్తాయేమోనని. నాలుగు రోజులుగా ఆ మాటను సగం వరకే అనుకుని మిగతా సగాన్ని నాలుక కింద దాచుకుంటూ వచ్చింది. ఇప్పుడు తాండూరు స్టేషన్‌లో ప్యాసింజర్ బండి కదిలి, కిటికీ అవతల నాపరాళ్ల దొంతరలు ఒక్కొక్కటే వెనక్కి జరగడం మొదలయ్యాక ఆ మిగతా సగం కూడా బయటికొచ్చింది. ఒళ్లో మూడు నెలల మల్లీశ్వరి. ఆకలేస్తే గొర్రెల అరుపులను మించి ఏడ్చే పిల్ల ఇప్పుడు ఏడవడం లేదు, కళ్లు సగం మూసుకుని పడి ఉంది. నిద్రేనా? నిద్రలాంటిది ఇంకేమైనానా? ముక్కు కింద చూపుడువేలు పెట్టి చూసింది. వెచ్చగా తగిలింది. తీసింది. బండి ఒక కరెంటు స్తంభం దాటేలోపు మళ్లీ పెట్టింది. పెదవుల రంగుకు పేరు వెతకడం ఇష్టం లేక చూపు గోళ్ల మీదికి మళ్లిస్తే గోళ్లూ అదే రంగు. కాళ్ల దగ్గరి సంచిలో పిల్ల గుడ్డలు, పాల సీసా, బస్టాండులో కొన్న నీళ్ల సీసా ఉన్నాయి. సీలు సరిగా ఉందో లేదో కొట్టు ముందరే మూడుసార్లు తిప్పి చూసింది, కొట్టతను నవ్వాడు, నవ్వనీ. వీటన్నిటికీ దూరంగా రెండు కవర్లలో చుట్టి ఇంకో సీసా ఉంది, వాళ్ల ఇంటి బోరు నీళ్లు. దాన్ని మధ్యమధ్య కాలి బొటనవేలితో తడుముతోంది, లోపల ఉన్నది నీళ్లు కాదు తేలు అన్నట్టు.

వికారాబాద్ స్టేషన్‌లో జ్యోతిరాణి నిలబడి ఉంటుంది. ఉంటుందా? ఉంటానని మెసేజ్ పెట్టింది, పెట్టినవాళ్లందరూ ఉంటారా. నిన్న చీకటిపడ్డాక దొడ్డి గోడ ఎక్కి, అక్కడైతేనే సిగ్నల్ అందుతుంది, పిల్ల పెదవుల ఫొటో పంపింది దేవిక. రెండు నిమిషాల్లో జవాబు. ‘రేపు పొద్దుగాల ఫస్ట్ బండికే పాపను తీస్కరా. ఇక్కడ డాక్టర్ మేడంకు చెప్పి ఉంచిన. మీ బోరు నీళ్లు ఒక సీసా పట్టుకరా. ఆ నీళ్లతోని ఇంక పాలు కలపకు. ఎవ్వరికేం చెప్పకు.’ చదివినకొద్దీ ఆ చివరి ముక్క దగ్గరే ఆగిపోతోంది మనసు. ఎవ్వరికీ ఎందుకు చెప్పొద్దు? దాచాల్సిన పని ఎవరికుంది? జ్యోతిరాణి ఇప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరం, బోటనీ జువాలజీ కెమిస్ట్రీ. చదువులో భాగంగా ఆస్పత్రి ల్యాబులో మూడు నెలల పని నేర్చుకుంటోంది. నెత్తురు పరీక్షలు చేసే పిల్లకు బోరు నీళ్లెందుకు? నెల కింద ఒకసారి పట్టుకుపోయింది కదా, ఊళ్లో ఇరవై ఇళ్ల నీళ్లు. అన్నీ మంచివేనని కాగితం కూడా ఇచ్చింది కదా. మంచివైతే మళ్లీ ఎందుకు?

బండి ఊగుతుంటే పిల్ల తల మోచేతి మడతలో అటూ ఇటూ కదులుతోంది. ముందు అనుమానించింది పాలపొడి డబ్బాను. కాన్పయిన నెలకు రొమ్ము గడ్డకట్టి, జ్వరమొచ్చి, కోసి చీము తీశాక పాలు ఎండిపోయాయి. అప్పటినుంచీ డబ్బా పాలే. డబ్బా అడుగున తేదీ అంకెలు కాస్త చెరిగినట్టు కనబడితే వెలుతురులో పెట్టి, తడి గుడ్డతో తుడిచి, మళ్లీ ఎందుకు తుడిచానా అని ఏడ్చింది. తర్వాత అత్త సుమిత్రమ్మను. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తుంది, రాసేటప్పుడు దేవికను నీళ్ల బిందె పేరు చెప్పి బయటికి పంపుతుంది, అందులో ఇంకేం కలుపుతుందో. పెదవులు చూపిస్తే అత్త కనీసం లేచి కూర్చోలేదు. “సలికి నల్లబడవా? నీ మొగడు పుట్టినప్పుడు గూడ గిట్లనే ఉండె. నాలుగు బుక్కులు సదివినోళ్లకు అన్నీ అనుమానాలే.” ఊళ్లో సూదులేసే అతను జేబులోంచి చేతులు తీయకుండానే చూశాడు. “గ్యాసు. చుక్కల మందు రాసిస్త.” గ్యాసుకు గోళ్లు నీలమవుతాయా? అడుగుదామనుకుంది, అతను అప్పటికే చీటీ రాస్తున్నాడు. భర్త మహేందర్ మందతో కర్ణాటక దిక్కు పోయాడు, కోసిన కంది చేన్లలో రాత్రికొక చోట గొర్రెలను ఆపుకుంటూ. ఫోన్ ఎప్పుడు అందుతుందో ఆ మల్లన్నకే తెలియాలి. పొద్దున బయల్దేరేటప్పుడు మామ బీరప్ప ఎటు అనడిగితే టీకా వేయించుకొస్తా అంది. అబద్ధం. ఈ మధ్య అబద్ధాలు ఎంత సులువుగా వస్తున్నాయో. ఇది మొదటిది కాదు కదా, అని ఎవరో లోపలినుంచి అన్నారు. దేవిక వినలేదు. కిటికీ వైపు తిరిగింది.

జ్యోతిరాణి. మనసు మళ్లీ అక్కడికే. తాండూరులో ఇంటర్ రెండేళ్లూ ఒకే బెంచీ. కాదు, దేవికకు రెండేళ్లు కాదు, ఏడాదీ ఎనిమిది నెలలు. అనంతగిరి గుట్టలకు కాలేజీ వాళ్లు తీసుకుపోయినప్పుడు ఆకులు ఏరింది ఇద్దరూ కలిసే, పాత పేపర్లలో పెట్టి వత్తింది మాత్రం దేవిక. జ్యోతిరాణి రాళ్ల మీద కూర్చుని జామకాయలు తింటూ, “నీ రాత మంచిగుంటది, నా పేర్లు గూడ నువ్వే రాయి” అనేది. ల్యాబులోనూ అంతే. గాజు గొట్టంలోంచి చుక్క చుక్క వదిలి, రంగు మారిన క్షణంలో చెయ్యి ఆపడం దేవికకు తప్ప ఆ బ్యాచ్‌లో ఎవరికీ రాలేదు. జ్యోతిరాణి పక్కనుంచి చూసి అదే అంకె తన రికార్డులో దించుకునేది, సార్‌కు అనుమానం రాకుండా చివర ఒక పాయింటు మార్చి. డిసెంబరులో ఒక రోజు పరీక్షనాళికలో ఉప్పు నీళ్లు, ఆకుపచ్చ ద్రావణం, ఆ మీద గాజు అంచు వెంట మెల్లగా జారనిచ్చిన ఆసిడ్. రెండు నీళ్లు కలిసీ కలవని చోట గోధుమరంగు ఉంగరం. నైట్రేట్ ఉంటేనే పడే ఉంగరం. సార్ అందరినీ పిలిచి చూపించాడు, “కదపకుర్రి, చెయ్యి వణికితే పోతది. దేవిక చెయ్యి చూడుర్రి, బండలెక్కన ఉంది” అన్నాడు. ఆ నెల చివర్లో వేరే ఉంగరం వేలికొచ్చింది. ప్రాక్టికల్స్‌కు పది రోజుల ముందు పెళ్లి. హాల్‌టికెట్ పెట్టె అడుగున పట్టుచీర మడతలో ఉంది ఇప్పటికీ. పరీక్షలెటు పోతాయి, వచ్చే ఏడాది రాస్తుందిలే అన్నారు. వచ్చే ఏడాది గొర్రెలకు రెండు వందల పిల్లలు పుట్టాయి. బండలాంటి ఆ చెయ్యి ఇప్పుడు పిల్ల ముక్కు కింద వేలును నిలపలేకపోతోంది.

కాబట్టి దొంగ రీడింగులు రాయడం జ్యోతిరాణికి కొత్త కాదు. అదీ సంగతి. దేవిక ఒక్కసారిగా నిటారుగా కూర్చుంది. పంచాయతీ గోడకు అంటించిన కాగితం కళ్లముందుకొచ్చింది. ఇరవై ఇళ్లు, ఇరవై వరసలు. నైట్రేట్ ఉండదగ్గ హద్దు నలభై అయిదు. ఒకటో ఇల్లు ఎనిమిది. రెండో ఇల్లు తొమ్మిది. ఎనిమిది, ఎనిమిది, తొమ్మిది. పద్నాలుగో నంబరు, ఆర్. దేవిక, బోరు, ఎనిమిది. ఊరి ఆ చివర బండల గని పక్క బోరుకూ, ఈ చివర మూడు వందల గొర్రెల దొడ్డి పక్క బోరుకూ ఒకటే అంకెనా? భూమి లోపల నీళ్లు మాట్లాడుకుని ఒప్పందానికి వచ్చాయా? ఇంట్లో కూర్చుని రాసింది. చివర ఒక పాయింటు మార్చి రాసింది, అలవాటే కదా. ఇప్పుడు ఫొటో చూసి గుండె జారి, ఎవ్వరికీ చెప్పకు అంటోంది. నీ మార్కుల కోసం నా బిడ్డనా జ్యోతీ? నీకేం, తెల్ల కోటు వేసుకుని, మెడలో కార్డు తగిలించుకుని మా వాకిట్లో నిలబడ్డావు, నేను చంకలో పిల్లతో, కొంగుకు పాల మరకతో... అక్కడిదాకా వచ్చి జ్ఞాపకం కాలు మడతపడ్డట్టు ఆగింది. ఆ వాకిట్లో తర్వాత ఏం జరిగిందో అది దేవికకు ఇప్పుడు అక్కర్లేదు.

రుక్మాపూర్‌లో బండి ఆగింది. ఒక పెద్దామె కందిపప్పు సంచీని కాళ్లతో నెట్టుకుంటూ వచ్చి ఎదుటి సీటులో కూలబడి, ఊపిరి తీసుకోకముందే పిల్లను చూసింది.

“అవ్వ, గిదేంది బిడ్డా? పొద్దుగాల్నే పిల్లకు నేరేడు పండ్లు తినిపిచ్చినవా?”

దేవిక కొంగు లాగి పిల్ల మొహం మీద కప్పింది. “సలి” అంది. అన్నాక ఉలిక్కిపడింది, అది అత్త మాట.

“సలికి గిట్లుండదు. ఎటు తోల్కపోతున్నవ్?”

“వికారాబాద్. ఆస్పత్రికి.”

“ఒక్కదానివే? మొగోళ్లు లేరా ఇంట్ల?”

దేవిక పిల్లను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఈమెకెందుకు ఇదంతా? పిల్ల మీద ఆ చూపెందుకు? దిష్టి అనేది లేదని జువాలజీ మేడం చెప్పేది, ఉందని అమ్మ చెప్పేది. ఇద్దరిలో ఎవరిని నమ్మాలో తేల్చుకునే లోపలే చదువు ఆగిపోయింది. అందుకే దేవిక రెండూ సగం సగం నమ్ముతుంది, క్రిములనూ కళ్లనూ. అందుకే ఊళ్లో నీళ్లు శుద్ధిచేసే ప్లాంటు మోటారు కాలి, అక్కడినుంచి తెచ్చుకునే డబ్బా నీళ్లు ఆగిపోయినప్పుడు బోరు నీళ్లు కాచింది. ఊరికే వెచ్చబెట్టడం కాదు, క్రిమి అనేది మిగలకుండా, బుడగలు పొంగి పొంగి గిన్నెలో సగం ఇగిరేదాకా. అత్త పొయ్యి ముందర కూర్చుని వెటకారం చేసేది, “నీళ్లు గూడ అన్నం లెక్క ఉడుకుతయా?” అని. పదిహేను రోజులుగా పూటపూటా అలాగే. కాచిన గిన్నె అడుగున సున్నం రాసినట్టు తెల్లటి పొర. గోటితో గీకితే ఊడేది. గీకి, కడిగి, మళ్లీ అదే గిన్నె...

తెల్లటి పొర. ల్యాబులో పింగాణీ గిన్నె, కింద స్పిరిట్ దీపం, ఉప్పు నీళ్లు మరిగి మరిగి ఆవిరై, చివరికి అడుగున తెల్లటి పొడి. నీళ్లు పోతాయి, ఉప్పు పోదు. రికార్డులో తన అక్షరాలతోనే రాసింది, బొమ్మ వేసి, బాణం గుర్తు పెట్టి. నీళ్లు పోతాయి, ఉప్పు పోదు. సగం ఇగిరితే మిగిలిన సగంలో ఉప్పు రెట్టింపు. మంచిదనుకుని, భయంతో, ప్రేమతో, కట్టెలు చాలకపోతే పిడకలు పెట్టి మరీ రెట్టింపు చేసి పోసింది. దేవిక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కిటికీలోంచి ఎర్రనేల, కోసిన కంది మోళ్లు, ఎక్కడో దూరంగా గొర్రెల మంద తెల్లగా, అదీ అడుగున పేరుకున్న పొడిలాగే కనబడింది.

“ఏడ్వకు బిడ్డా. పిల్ల నోరు ఎండింది, జర నీళ్లు తాపు.” పెద్దామె తన సంచీలోంచి సీసా తీసి మూత విప్పింది.

“వద్దు!” అంత గట్టిగా అరుస్తానని దేవికకే తెలియదు. వెనక సీటువాళ్లు తొంగిచూశారు.

“ఏందమ్మా, నేనేమన్న ఇషం పోస్తున్ననా?” పెద్దామెకు కోపం వచ్చింది. సీసా ఎత్తి దేవిక మొహం ముందర ఊపింది. “జూడు, అద్దం లెక్క లేవా? డబ్బా నీళ్లు. మేం తాగేటియి బోరు నీళ్లే గని ఎవలన్న ఇంటికొస్తే, తొవ్వల ఎవలన్న అడిగితే డబ్బా నీళ్లే ఇస్తం. పరాయోళ్లకు ఉప్పు నీళ్లిచ్చేటంత కానోళ్లమా? మీ ఊర్ల గట్ల లేదా?”

ఉంది. మా ఊళ్లో కూడా అట్లనే. దేవిక ఆ సీసా నీళ్ల వైపే చూసింది. ఉంది పెద్దమ్మా, మా ఊళ్లో ఇరవై ఇళ్లలోనూ అట్లనే ఉంది.

ఇంక తప్పించుకోవడానికి చోటు లేదు. ఎండ పొడ సీటు మీదినుంచి పిల్ల పాదాల మీదికి పాకుతుంటే ఆ వాకిలి దానంతటదే తెరుచుకుంది. నెల కింద, ఇలాంటి ఎండే. తెల్ల కోట్లలో నలుగురు అమ్మాయిలు, ఒక సార్, అట్టపెట్టెలో ఖాళీ సీసాలు, సీసాకొక తెల్ల చీటీ. జ్యోతిరాణి చూసీ చూడగానే దేవీ అని కౌగలించుకుంది, కోటుకు పాల మరక అంటుకుంది. వాకిట్లో పోగైన ఆడవాళ్లకు చేతులు ఊపుతూ చెప్పింది. “గొర్రెల ఎరువుల ఒక ఉప్పుంటది, వానకు కరిగి భూమిలకు దిగుతది. మనలాంటోళ్లకు ఏం గాదు. పాలపొడి తాగే పిల్లలకు మాత్రం నెత్తురు గాలిని మొయ్యలేదు, నీలబడ్తరు. గందుకే బోరు నీళ్లే పొయ్యుండ్రి. అయిదు నిమిషాలు బోరు ఇడిశిపెట్టి, సీసాను మూడుసార్లు అవే నీళ్లతోని కడిగి, బుడగ లేకుంట నింపుండ్రి.” ఆ మాట అందరికంటే బాగా అర్థమైంది దేవికకే. గొర్రెలకు నీళ్లు దగ్గరుండాలని మామ దొడ్డి గోడకు ఆనించి వేయించిన బోరు అది. వాన పడితే ఎరువు కుప్ప నుంచి నల్లని ఊట ఆ గొట్టం చుట్టూ మడుగు కడుతుంది. దేవిక సీసా పట్టుకుని అటే నడిచింది కూడా. వెనకనుంచి అత్త. “ఓ పిల్లా, కాలేజి నుంచి వచ్చిన ఆడపిల్ల నీళ్లడుగుతె గా దొడ్డి నీళ్లిస్తవా? నలుగుర్ల మా పరువేం గావాలె? డబ్బాల్నుంచి పొయ్యి.” అత్త మీదికి నెట్టేయొచ్చు ఆ మాటతో. నెల రోజులుగా అదే చేసింది. కానీ అత్త చెప్పినవన్నీ దేవిక వింటుందా? వసకొమ్ము వద్దని గొడవపడలేదా? సీసాను ఎత్తి పట్టుకుని, జ్యోతిరాణి ఆ పచ్చటి నీళ్లను ల్యాబులో అందరి ముందర వెలుతురుకు పెట్టి చూడటం, చీటీ మీద ‘దేవిక’ అని ఉండటం, బండలాంటి చెయ్యి అని మెచ్చుకున్న పిల్ల ఇదిగో ఇక్కడ ఈ దొడ్డి పక్క ఈ నీళ్లు తాగుతూ బతుకుతోందని నలుగురూ తల ఊపడం, అదంతా ఒక్క క్షణంలో కనబడింది. వంటింట్లోకి తిరిగింది. డబ్బా వంచింది. మూడుసార్లు అవే నీళ్లతో కడిగింది. బుడగ లేకుండా నింపింది. ఎంత శుభ్రంగా చేసిందో, ఏ పరీక్షలోనైనా నూటికి నూరు వేస్తారు. అప్పుడు పాలలో కలిపేవి డబ్బా నీళ్లే కదా, ఇందులో అబద్ధమేముంది అని కూడా అనుకుంది. జ్యోతిరాణి పెన్ను చేతికిచ్చి, “నీ రాత మంచిగుంటది, నువ్వే రాయి” అంది. నీళ్లు ఎక్కడివి అన్న గడిలో దేవిక గుండ్రటి అక్షరాలతో ‘బోరు’ అని రాసింది.

అట్లా ఇరవై ఇళ్లు. ఎవరికి చదువుకున్న పిల్లల ముందర పరువు లేదు? ఎవరింట్లో వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇవ్వరు? అందరూ ఒకే ప్లాంటు డబ్బా వంచారు. ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది. జ్యోతిరాణి ఒక్క అంకె కూడా మార్చలేదు. దేవిక నాలుగు రోజులుగా వెతికిన దొంగ ఎక్కడో లేదు, ఈ సీటులోనే, పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ కాగితం గోడ మీద పడ్డ వారానికి ప్లాంటు మోటారు కాలింది. అత్త పక్కూరి నుంచి ఒక డబ్బా తెప్పించి చుట్టాల కోసం మూలన పెట్టింది. “బోరు నీళ్లు మంచియని కాలేజోళ్లే రాసిచ్చిరి, పిల్లకు కాసి పొయ్యి” అంది. తన అబద్ధమే కాగితమై, ముద్రపడి, తిరిగి తన ఇంటికి వచ్చి తన బిడ్డ నోట్లో పడింది.

తన బిడ్డ ఒక్కతేనా?

బండి కూత వేసింది. దేవిక వేలు పిల్ల ముక్కు కిందినుంచి కదలడం మరిచిపోయింది. మహెక్. దొడ్డి వెనక సందులో ఖుర్షీద్ చాచీ కోడలు, పందొమ్మిదేళ్లది, రెండు నెలల పాప. ప్లాంటు మూతపడ్డ రోజు గోడ మీదినుంచి తల ఎత్తి అడిగింది. “దేవికక్కా, మస్తు పరేషాన్ ఉంది. పాప డబ్బా పాలే తాగుతది. ఏ నీళ్లు పోయాలె?” దేవిక అప్పుడు పొయ్యి దగ్గర గిన్నె దింపుతోంది. చదువుకున్నదాన్ని కదా, నన్నడిగింది అని ఒక చిన్న గర్వం కూడా. “ఫికర్ చెయ్యకు మహెక్. కాలేజోళ్లు మంచియనే రాసిండ్రు. బాగా కాయి, సగం ఇగిరినంక పొయ్యి. ఆగు, పైపు ఇటేస్త.” ఇంటి బోరుకు ఒక పైపు తగిలించి, గోడ మీదుగా మహెక్ వాకిట్లోకి వేసింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది, పచ్చటి పైపు, గోడ మీద పాములా. ఈ నాలుగు రోజుల్లో మహెక్ పాప ఏడుపు విన్నదా? ఎంత ఆలోచించినా గుర్తు రాదు. తన పిల్ల ఏడుపు ఆగిందనే వింటూ కూర్చుంది, గోడ అవతల కూడా ఆగిందేమో చెవి పెట్టలేదు.

మహెక్‌కు చేద్దామని ఫోన్ తీసింది. ఒకసారి తప్పు పేరు నొక్కింది. మోగింది, మోగింది, ఆగింది. మళ్లీ. ఎత్తలేదు. అత్తకు చేసింది. “టీకా అయ్యిందా?” అని అడిగింది సుమిత్రమ్మ.

“అత్తమ్మా, బోరు బంద్ చెయ్యి. మహెక్ వాళ్ల ఇంటికి పో. పిల్ల పెదవులు చూడు.”

“ఏమైంది నీకు? వాళ్లింటికి నేనెందుకు? పొద్దుగాల్నుంచి తాళమేసుంది.”

“తాళం బయటినుంచా, లోపట్నుంచా?”

“ఏం మాటలే గవి...” లైను తెగింది. ధారూర్ రాకముందు గుట్టల మలుపులో సిగ్నల్ ఎప్పుడూ అంతే. పెద్దామె ధారూర్‌లో దిగేటప్పుడు పిల్ల పాదం తాకి చేతిని కళ్లకద్దుకుంది. అప్పుడు దేవిక దాన్ని దిష్టి అనుకోలేదు.

వికారాబాద్. ప్లాట్‌ఫారం కదిలి వచ్చి ఆగింది. జ్యోతిరాణి ఉంది, నిజంగా ఉంది, తెల్ల కోటు చేతి మీద వేసుకుని పెట్టె పెట్టెకూ పరిగెత్తుతోంది. దేవిక దిగీ దిగకముందే పిల్లను అందుకుని, ఎండలోకి తిప్పి, కింది పెదవిని బొటనవేలితో తెరిచి చూసింది. మొహంలో ఏం మారుతుందోనని దేవిక ఆమె కళ్లనే చూసింది.

“ఊపిరి మంచిగనే ఉంది. నడువు, ఆటో ఉంది. నీళ్లు తెచ్చినవా?”

“జ్యోతీ.” దేవిక సంచిలోంచి కవర్ల సీసా తీసింది. “ఆ రోజు పద్నాలుగో సీసాల... నేను పోసింది బోరు నీళ్లు గాదు. డబ్బా నీళ్లు.”

జ్యోతిరాణి ఆగింది. జనం అటూ ఇటూ వాళ్లను ఒరుసుకుంటూ పోతున్నారు. తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

“రికార్డు చూసి మా సార్ ఏమన్నడో తెలుసా? ఇరవై ఇండ్లకు ఒక్కటే రీడింగా, ఇంట్ల కూసోని రాసినవా, దొంగ అన్నడు. గీ వారం అంతా నేనే ఎక్కడ తప్పు చేసిన్నో అనుకుంట సచ్చిన. నిన్న నీ ఫొటో చూసి సమజైంది.” పిల్లను భుజాన సర్దుకుంది. “ఎవ్వరికి చెప్పకన్నది గందుకే. కాగితం మీద నా పేరుంది. ఊర్ల నన్నేమంటరో అని భయమైంది. నువ్వు పరువు చూసినవ్, నేను మార్కులు చూసిన. పా.”

“మహెక్ పాప గూడ గవే తాగుతుంది. ఫోన్ ఎత్తుత లేదు.”

జ్యోతిరాణి పిల్లను రెండు చేతులా పట్టుకుంది. పరుగెత్తింది. దేవిక వెనకాలే, ఒక చేతిలో ఆ సీసా, ఒక చేతిలో మోగుతూ మోగుతూ ఆగిపోయే ఫోన్. ఆటోలో మల్లీశ్వరి ఒకసారి మూలిగింది, చిన్నగా, కోపంగా. ఆ కోపాన్ని దేవిక గట్టిగా గుండెకు హత్తుకుంది. పెద్దాస్పత్రి గేటు దాటేదాకా ఇరవై మూడుసార్లు చేసింది ఆ ఒక్క నంబరుకు.

ఇది చదువుతున్నవాళ్లు ఎవరైనా ఆ దిక్కువాళ్లయితే, తాండూరు నుంచి కొడంగల్ పోయే తోవలో బండకుంటపల్లి దగ్గర దిగండి. గొర్రెల వాసన వచ్చే వైపు నడిస్తే దొడ్డి వస్తుంది, దాని వెనక సందులో ఆకుపచ్చ తలుపు. తాళం ఉన్నా వెనకనుంచి పిలవండి. మహెక్ ఉంటే మీకు ముందుగా మంచినీళ్లు ఇస్తుంది, అవి చుట్టాల కోసం దాచిన డబ్బా నీళ్లే, మీరు తాగకండి, పాపకు ఉంచమనండి. గోడ మీది పచ్చ పైపు పీకేయండి. తర్వాత పాపను వెలుతురులోకి తెమ్మని పెదవులు చూడండి, గోళ్లు చూడండి. పిల్లను వదిలి దేవిక ఈ ఆస్పత్రి దాటి రాలేదు. ఒక్కసారి, ఇప్పుడే, పోయి ఆ పాపను చూసి రండి.